దొరసానిని గుర్తుపట్టిన రోజు

మొన్న ఆదివారం పొద్దున మా కింది ఫ్లాటులో ఉండే కాలేజీ అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. పావుగంటసేపు ఒకేచోట కూర్చుని, కనబడిన పిట్టలన్నిటినీ లెక్కపెట్టి రాసుకు రమ్మన్నారట వాళ్ల కాలేజీలో. చాంద్రాయణగుట్ట చౌరస్తా రొదకు వీపు తిప్పి, వెనక ఖాళీ జాగాలోని వేపచెట్టు వైపు ఉంటుంది మా బాల్కనీ. అందుకని ఇక్కడికి వచ్చింది.

నేను చాయ్ తెచ్చి ఇచ్చేలోపల కేబుల్ తీగ మీద చిలుకలు వచ్చి వాలాయి. ఆ అమ్మాయి ఫోన్ పైకెత్తి ఫొటో తీసింది. ఫోన్ ఏదో ఇంగ్లిషు పేరు చూపించింది. "చిలుకలు, ఆరు" అని రాసుకుంది.

"ఆరూ ఒక్కటి కావు బిడ్డా," అన్నాను. "నాలుగు ఒక తీరు, రెండు ఇంకో తీరు. ఆ చివరకు కూసున్నయి చూడు, వాటి భుజాలు చూడు."

ఆమె ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఆ రెండింటి రెక్కల మొదట్లో ఎండిన రక్తం రంగు మచ్చ ఉంది.

"అరే, అవునాంటీ! మీకెట్ల తెల్సు?"

"మా మేనత్త నేర్పింది."

ఆ పిల్ల ఆరు కొట్టేసి నాలుగు, రెండు అని దిద్దుకుని, చాయ్ తాగి వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. చిలుకలు ఎగిరిపోయాయి. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయినా నాకు లేవాలనిపించలేదు.

మా ఇల్లు పాతబస్తీలో ఒక ఇరుకు గల్లీలో ఉండేది. ఎదురుగా ఎవరైనా సైకిల్ నడిపించుకుంటూ వస్తే గోడకు ఒదిగి నిలబడాల్సిందే. ముందు నుంచి చూస్తే ఒక తలుపు, ఒక కిటికీ, అంతే. వెనక మాత్రం ఎవరూ అనుకోనంత పెద్ద వాకిలి. ఒక జామచెట్టు, కరివేపాకు చెట్టు, స్నానాల బండ, బట్టలారేసే తీగ. ఆ వాకిలి చివర పాత దేవిడీ గోడ. ఒకప్పుడు ఎవరో పెద్ద నవాబుది ఆ ఇల్లు. మనుషులు ఎప్పుడో వెళ్లిపోయారు. కాపలాకు ఒక ముసలి చాచా మిగిలాడు. డంగుసున్నంతో కట్టిన ఆ గోడ మా ఇంటికి రెండింతల ఎత్తు. దూలాలు ఊడిపోయిన చోటల్లా బొక్కలు. ఆ బొక్కల్లో చిలుకలు.

ఇల్లంటే నాకు ముందు గుర్తొచ్చేది వాసనలు. జొన్నల డబ్బాలో మాగేసిన జామపండ్ల వాసన తలుపు తీయగానే తగిలేది. పొయ్యి మీద ఉల్లిగడ్డ కాల్చి అమ్మ పచ్చిపులుసు పిసుకుతుంటే వచ్చే ఘాటు. గురువారం సాయంత్రం గోడ అవతల చాచా వేసే ఊదు పొగ. బాపు కంచన్‌బాగ్ దిక్కు లోహాలు కరిగించే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తెల్లారకముందే ఫ్యాక్టరీ బస్సుకు వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. ఆయన చొక్కాకు కాలిన ఇనుము, నూనె కలిసిన వాసన ఉండేది. ఉతికినా పోయేది కాదు. నాకు అదే బాపు వాసన.

అత్తమ్మ బాపుకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. ఎవరి మీదా ఆధారపడి ఉండటం ఆమెకు ఇష్టం లేదు. పక్కింటి ఆడవాళ్ల దగ్గర జరీ పని నేర్చుకుంది. నాలుగు చెక్కలు కట్టిన చట్రానికి బట్ట బిగించి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. పెళ్లి దుపట్టాలు, షేర్వానీ కాలర్లు, పిల్లల టోపీలు. వెనక వసారాలో వెలుతురు బాగుంటుందని పొద్దంతా అక్కడే. సూది పైకి, కిందికి, పైకి. ఎప్పుడైనా తల ఎత్తితే ఎదురుగా జామచెట్టు, దాని వెనక గోడ.

నాకప్పుడు పదేళ్లుంటాయేమో. చలికాలం. జామపండ్లు పండుతున్నాయి. చెట్టంతా గోలగా ఉంది.

"అత్తమ్మా, చిలుకలొచ్చినయ్!" అని అరిచాను.

ఆమె తల ఎత్తకుండానే, "ఏ చిలుకలు?" అంది.

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. చిలుకలంటే చిలుకలే కదా. "పచ్చ చిలుకలు" అన్నాను.

ఆమె సూదిని బట్టలో గుచ్చి నన్ను దగ్గరికి పిలిచింది. పక్కనున్న రేకు డబ్బా మూత తీసింది. దాంట్లో ఒక అరంతా పచ్చ దారపు లచ్చీలే. "పచ్చగున్నయని అన్నీ ఒక్కటే అంటవా? గీ డబ్బల ఎన్ని పచ్చలున్నయో చెప్పు."

చూసేకొద్దీ విడిపోయాయి. లేత వేపాకు పచ్చ, పెసర పచ్చ, పాచి పచ్చ, పసుపు కలిసినది, నీలం కలిసినది. పదకొండు వచ్చాయి.

"ఇగ చెట్టు దిక్కు చూడు," అంది. "మొదలు తల చూడు. తర్వాత మెడ. తర్వాత భుజం. గియ్యన్ని చూసినంక నోరు తెరువు."

అలా మొదలైంది. బడి నుంచి రాగానే సంచి విసిరేసి వసారాలో ఆమె పక్కన చేరేదాన్ని. మెడచుట్టూ గులాబీ రంగు గీత, గడ్డం కింద నల్ల చార ఉన్నవి మామూలు రామచిలుకల్లో మగవి. గీత లేనివి ఆడవి, లేదా ఇంకా ఎదగని పిల్లలు. "వానికి ఇంక మీసం రాలే," అనేది అత్తమ్మ గీత లేని కుర్ర చిలుకలను చూసి. ఒకరోజు నేను పొయ్యి బొగ్గుతో గడ్డం కింద చార గీసుకుని, ఆమె డబ్బాలోని గులాబీ దారం మెడకు చుట్టుకుని బడికి వెళ్లాను. టీచరమ్మ నన్ను బెంచీ ఎక్కించింది. "ఏంది ఈ వేషం?" అని అడిగితే, "మగ చిలుక టీచర్" అన్నాను. తరగతంతా నవ్వింది. ఇంటికొచ్చాక దారం మురికి చేశానని అమ్మ రెండు తగిలించింది. అత్తమ్మ మాత్రం, "దారం గీత బాగనే ఉన్నది గని, నల్ల చార మీదికి పోయింది," అని తప్పు దిద్దింది.

చిలుక కొరికి వదిలేసిన జామపండు మీద నాకు పిచ్చి. అమ్మ చూడకుండా కొరికిన వైపు కొంచెం తుడిచి తినేసేదాన్ని. అంత తియ్యటి జామపండు మళ్లీ తినలేదు. బేగంబజార్‌లో వెడల్పాటి ఇత్తడి పళ్లెం ఒకటి కొనుక్కొచ్చింది అత్తమ్మ, ఇంట్లోకి కాదు, పిట్టలకు జొన్నలు పోయడానికి. మిరపకాయల బస్తాల ఘాటుకు నేను తుమ్ముతూ ఉంటే, హమాలీలు "జరుగుర్రి, జరుగుర్రి" అని మా మీదికే వస్తుంటే, ఆమె పళ్లెం అంచు నున్నగా ఉందో లేదో వేలుతో తడిమి చూసింది. "కాళ్లు కోసుకుంటయి," అంది దుకాణదారుతో. ఎవరి కాళ్లో ఆయనకు అర్థం కాలేదు.

ఒక పొద్దు మంచుగా ఉంది. చెట్టు చివర రెండు చిన్న చిలుకలు కూర్చున్నాయి. ఒకదాని తల మొత్తం ఎర్రటి ద్రాక్షపండు రంగు. అరుపు కూడా మెత్తగా, ఎవరో దూరం నుంచి పిలిచినట్టు ఉంది. అత్తమ్మ సూది పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అవి ఎగిరిపోయాక డబ్బా కుమ్మరించి అన్ని ఎర్రలూ, అన్ని ఊదాలూ ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. "లేదు," అంది చివరికి. "గీ రంగు ఎవ్వలు చెయ్యలే." మర్నాడు కూడా వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. వాటి కోసం చాలా రోజులు చెట్టు చివర చూస్తూ ఉండేవాళ్లం.

కానీ మా అసలు చుట్టాలు పెద్ద చిలుకలు. ఒక్క జంటే. కాకికి తక్కువ, మైనాకు ఎక్కువ. బలమైన ఎర్ర ముక్కు, రెక్క మొదట ఎర్ర మచ్చ. అరిస్తే గిన్నెలు మోగేవి. "మా ఫ్యాక్టరీ సైరన్ నయం," అనేవాడు బాపు. మగది కొమ్మ మీద ఆ చివర నుంచి ఈ చివరకు ఛాతీ ముందుకు పెట్టి నడుస్తుంది. చిన్న చిలుకలు తప్పుకుంటాయి. అందుకని దానికి దొర అని పేరు పెట్టింది అత్తమ్మ. ఆడది దొరసాని. దొరసాని పైముక్కు అంచున చిన్న సొట్ట ఉండేది, పళ్లెం అంచు వంగినట్టు. "ముక్కు చూసి పట్టుకో," అని అత్తమ్మే చూపించింది. ఎంత మందలో ఉన్నా నేను దొరసానిని ఇట్టే చెప్పేసేదాన్ని.

చలికాలం వెళ్తుండగా అవి గోడలో పై నుంచి రెండో బొక్కలో గూడు పెట్టాయి. పక్కనే పగులులో ఒక రావిమొక్క మొలిచి ఉండేది. దొరసాని లోపలే ఉండేది. దొర తెచ్చి నోటికి అందించేవాడు. కొన్నాళ్లకు లోపల నుంచి సన్నగా కీచులాట వినబడింది. "పిల్లలు," అంది అత్తమ్మ. ఆ సాయంత్రం అమ్మతో చెప్పి సర్వపిండి చేయించింది, ఇంట్లో ఎవరికో పురుడు వచ్చినట్టు.

ఆ రోజుల్లోనే పిట్టలాయన వచ్చాడు.

అప్పుడప్పుడు మా గల్లీలోకి వచ్చేవాడు. భుజం మీద వెదురు బద్ద, దానికి రెండు వైపులా వేలాడే పంజరాలు. వాటిలో తెల్ల చుక్కల ఎర్ర మునియా పిట్టలు గుంపుగా ఎగిరెగిరి పడేవి. పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. అప్పట్లో అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు మిగిలిన పిల్లలు వెళ్లిపోయాక నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను.

"ఏం చూస్తున్నవ్ బేటీ? తోతా కావాల్నా, చిలుక?" అన్నాడు.

"నాకెందుకు? మా ఇంటెన్క మస్తున్నయ్," అన్నాను. "మూడు రకాలు నాకు ఎర్క."

"మూడు రకాలా! గింత పోరివి, నీకేం ఎర్క? జెప్పు చూద్దాం."

చెప్పాను. తల, మెడ, భుజం. గులాబీ గీత, నల్ల చార, ద్రాక్ష రంగు తల. ఆయన పంజరాలు కిందికి దించి, నేల మీద కూర్చుని విన్నాడు. నా మాట అంత శ్రద్ధగా పెద్దవాళ్లెవరూ అంతవరకు వినలేదు.

"అరె వాహ్. మరి పెద్ద తోతా గూడు యాడ పెడ్తది, గదైతే తెల్వదు నీకు."

"ఎందుకు తెల్వదు? దేవిడీ గోడల, పైకెల్లి రెండో బొక్క. రావిమొక్క పక్కన."

"ఆడది ఎప్పుడు బయటికి పోతది?"

"మధ్యాన్నం దాంక పోదు. లోపల్నే కూసుంటది. మొగడు తెచ్చి పెడ్తడు."

"షాబాష్!" అన్నాడు. "మా ఉస్తాదుకు గూడ గింత తెల్వదు, కసమ్‌సే, ఒట్టు." ఒక మునియాను తీసి నా అరచేతిలో పెట్టి, మూసి, ఒక్క క్షణం పట్టుకోనిచ్చాడు. దాని గుండె నా వేళ్లకు టకటకా తగిలింది. నేను పొంగిపోయి ఇంటికి వెళ్లాను. అత్తమ్మకు చెబుదామనుకున్నాను గాని, ఎందుకో చెప్పలేదు.

ఆ శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి దొర అరుపు గల్లీ మొదటి నుంచే వినబడుతోంది. అది రోజూ అరిచే అరుపు కాదు. నేను పరుగెత్తాను. వెనక వాకిట్లో అత్తమ్మ నిలబడి ఉంది. కుట్టిన బట్టలు దుకాణంలో అప్పజెప్పడానికి తీసుకెళ్లిన సంచి ఇంకా చేతికే వేలాడుతోంది. అప్పుడే వచ్చినట్టుంది. దొర గోడ చుట్టూ తిరుగుతున్నాడు. బొక్క కింద సున్నం పెచ్చులు రాలి ఉన్నాయి. నాలుగైదు పచ్చ ఈకలు గాలికి కదులుతున్నాయి. రావిమొక్క విరిగి వేలాడుతోంది.

అవతల నిచ్చెన ఎక్కిన చాచా తల గోడ మీద నుంచి కనబడింది. "నమాజుకు పోయిన అమ్మా. అర్ధగంట. వచ్చి చూస్తే నిచ్చెన జరిపి ఉన్నది. బొక్క మూతికి వల కట్టి పట్టుకపోయినట్టున్నరు. మాఁ బచ్చే సబ్ లేకే గయే." తల్లినీ పిల్లలనూ అన్నిటినీ తీసుకుపోయారని.

అత్తమ్మ ఆ ఈకలు ఒక్కొక్కటే ఏరింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రెండో బొక్క అని ఆ పిట్టలోనికి ఎట్ల తెల్సింది? ఎవ్వలకన్న చెప్పినవా బిడ్డా?"

"లేదత్తమ్మా. ఎవ్వలకు చెప్పలే."

ఆమె వెళ్లి చట్రం ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది, కానీ కుట్టలేదు. సాయంత్రం బాపు వచ్చి విషయం విని, "వాడు మళ్ల గీ గల్లీల అడుగు పెట్టనీ," అని లొల్లి చేశాడు. అమ్మ ఆయనను లోపలికి పంపింది. నేను అన్నం తినలేదు. దొర చీకటి పడేదాకా గోడ మీదే ఉన్నాడు. మర్నాడు కూడా ఉన్నాడు. జామపండు ముట్టలేదు. మధ్యమధ్య బొక్కలోకి తల పెట్టి చూసి బయటికి తీసేవాడు. ప్రతిసారీ, ఈసారి ఉంటుందేమో అన్నట్టుగా.

ఆ చూడటం నేను చూడలేకపోయాను. శనివారం సాయంత్రం అత్తమ్మ ఒడిలో మొహం పెట్టి మొత్తం చెప్పేశాను. పిట్టలాయన అడిగింది, నేను చెప్పింది, షాబాష్ అన్నది, మునియాను పట్టుకున్నది. కొడుతుందనుకున్నాను. ఆమె చెయ్యి నా తల మీద అలాగే ఉంది, నిమరకుండా, తీయకుండా.

"నేను నేర్పిందే చెప్పినవ్," అంది. "రేపు పొద్దున్నే తయారుగుండు. పోదాం."

"యాడికి?"

"యాడ అమ్ముతరో ఆడికి."

ఆదివారం పొద్దున చాచా ముందు నడిచాడు. చార్మినార్ దాటి రెండు సందులు తిరిగాక పిట్టల బజారు. వాసనే ముందొచ్చింది. తడి గడ్డి, రెట్ట, నూకలు. తర్వాత గోల. పావురాలు, కోళ్లు, కుందేళ్లు, మునియాలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన పంజరాలు. చిలుకలు వందలుంటాయి. మా చెట్టు మీద పది చిలుకలుంటే ఒక్కోదాన్ని చెప్పగలిగే నాకు అక్కడ అంతా ఒకటే పచ్చ ముద్దలాగా కనబడింది.

చాచా నాలుగు దుకాణాల్లో అడిగాడు. ఐదో దుకాణంవాడు మమ్మల్ని లోపలికి పిలిచాడు. పైన గోనెపట్టా కప్పి ఉండి లోపల మసకగా ఉంది.

"పెద్ద తోతాలు శుక్రారం సాయంత్రం వచ్చినయ్," అన్నాడు. "పిల్లలైతే నిన్ననే పోయినయ్ అమ్మా. పిల్లలకు గిరాకీ. పెద్దయి గీ నాలుగు. ఏదన్న తీస్కోర్రి, అన్నీ ఒక్క తీర్గనే ఉంటయ్."

అత్తమ్మ పంజరం ముందు గొంతుక్కూర్చుని ఒక్కోదాన్నే పైనుంచి కింది దాకా చూసింది. నాలుగింటిలో ఒకటి మగది, మెడకు గీత ఉంది. మూడు ఆడవి. నేను ముక్కులు చూశాను. చూసి బిత్తరపోయాను. మూడింటి ముక్కులూ సొట్టబోయే ఉన్నాయి. ఇనుప కడ్డీలు కొరికి కొరికి అన్నీ అంచులు విరగ్గొట్టుకున్నాయి. నాకు తెలిసిన గుర్తు అదొక్కటే.

అత్తమ్మ తల తిప్పి నా వైపు చూసింది. "ఏది బిడ్డా? రోజూ చూసినదానివి. నువ్వే జెప్పు."

రెండు అరుస్తున్నాయి. ఒకటి మూల కడ్డీకి ఒంటిని ఆనించి, కళ్లు సగం మూసుకుని ఉంది. దుకాణంవాడు విసుగ్గా నిలబడి ఉన్నాడు. చాచా నా భుజం మీద చెయ్యి వేశాడు. తెలియదని చెప్పాలి. చెప్పలేకపోయాను. తెలియదంటే దొరసాని ఇక లేనట్టే. అదంతా నావల్లే.

మూలనున్న దాన్ని చూపించాను. "ఇదే."

"ఇదేనా?"

"ఇదే అత్తమ్మా. దొరసానే."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత కొంగుముడి విప్పింది.

ఇంటికొచ్చి గుడ్డ సంచి విప్పితే తెలిసింది, దాని ఎడమ రెక్క పొడుగు ఈకలు కత్తిరించేశారని. వదిలినా ఎగరలేదు. "కొత్త ఈకలొచ్చేదాంక ఉంటది," అంది అత్తమ్మ. బాపు పంజరం చేసుకొస్తానంటే వద్దంది. జామచెట్టు కింది కొమ్మ మీద కూర్చోబెట్టాం. పిల్లులకు భయపడి చీకటి పడగానే కోళ్ల గంప కింద దాచేవాళ్లం.

నేను మాత్రం దొర కోసమే చూశాను. మొదటి సాయంత్రం వచ్చాడు. గోడ మీద కూర్చుని కిందికి చూశాడు. దిగుతాడు, నోటికి అందిస్తాడు, అంతా సరైపోతుంది అనుకున్నాను. దొర అరిచాడు. కొమ్మ మీది చిలుక జవాబివ్వలేదు. దొర బొక్కలోకి తల పెట్టి చూసి ఎగిరిపోయాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు చాలా పైనుంచి ఒక్క చుట్టు తిరిగాడు. ఆ తర్వాత ఆ గోడ మీదికి దొర రాలేదు.

"దొర ఎందుకు గుర్తుపడ్తలేడు అత్తమ్మా?"

"మనుషుల వాసన పట్టింది గదా," అంది ఆమె సూది మీద నుంచి చూపు తిప్పకుండా. "నువ్వు ఫికర్ చెయ్యకు."

ఎండాకాలమంతా ఆ చిలుక మాతోనే ఉంది. అత్తమ్మ దాన్ని దొరసాని అనే పిలిచింది. నానిన శనగలు, పచ్చిమిరపకాయలు, దోసకాయ గింజలు తినేది. మొదట్లో "ఇంకో నోరు తెచ్చిర్రు" అని గొణిగిన అమ్మ, తర్వాత తనే మామిడి టెంక తెచ్చి కొమ్మకు గుచ్చేది. బాపు రోజూ సాయంత్రం దానికి వేలు అందించేవాడు, అది రోజూ కరిచేది. నన్ను కూడా కరిచింది, చూపుడు వేలు మీద మచ్చ ఇప్పటికీ ఉంది. బడి సెలవులు. పొద్దంతా పిల్లులను తోలుతూ ఆ చెట్టు కిందే గడిపాను. దాని ఒంటి మీద నాకు తెలియని చోటు లేకుండా పోయింది. కంటి చుట్టూ సన్న పసుపు వలయం, తోక కింద ఒక ఈక వంకర, కోపమొస్తే చిన్నదయ్యే కంటిపాప. దొరసానిని ముక్కు తప్ప ఇంకేం చూడలేదని అప్పుడు అర్థమైంది. రోజూ చూశాననుకున్నాను, చూడలేదు.

తొలకరి పడ్డాక రెక్కలో కొత్త ఈకలు పుల్లల్లాగా పొడుచుకొచ్చి, విచ్చుకున్నాయి. ఒక పొద్దున ముసురు ఆగి ఎండ వచ్చింది. మేమందరం వసారాలో చాయ్ తాగుతున్నాం. అది కొమ్మ మీద రెండుమూడు సార్లు రెక్కలు విదిలించింది. చెట్టు చివరకు ఎగిరింది. అక్కడి నుంచి గోడ మీదికి. అమ్మ "అయ్యో, పోతున్నది" అని లేచింది. నేను చూస్తున్నది ఒక్కటే, అది రెండో బొక్క వైపు తిరుగుతుందా అని. అది గూడుకు రెండడుగుల దూరంలో ఉంది. ఒక్కసారి కూడా అటు చూడలేదు. పెద్దగా అరిచి, దక్షిణం వైపు తిన్నగా ఎగిరిపోయింది.

నేను ఏడ్చాను. పెంచిన పిట్ట పోయిందని ఏడుస్తున్నాననుకుని అమ్మ, బాపు సముదాయించారు. అత్తమ్మ ఒక్కతే సముదాయించలేదు. పళ్లెంలో జొన్నలు పోసి వచ్చి నా పక్కన కూర్చుంది.

తర్వాతి కథ అందరి ఇళ్లల్లో జరిగేదే. దేవిడీ అమ్ముడుపోయింది. గోడను రెండు రోజుల్లో కూల్చేశారు. అక్కడ ఫంక్షన్ హాల్ లేచింది. చాచా ఎవరో బంధువుల ఇంటికి వెళ్లిపోయాడు. గదులు చాలక మా జామచెట్టు కూడా కొట్టేశారు. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. అత్తమ్మ చూపు మందగించి జరీ పని మానేసింది. ఒకసారి నేను పుట్టింటికి వెళ్లినప్పుడు ఇద్దరం వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ఇన్నేళ్లు గొంతులో పెట్టుకున్నది ఎందుకో అప్పుడు బయటికి వచ్చేసింది.

"అత్తమ్మా, ఆ పొద్దు బజార్ల నేను అబద్ధం చెప్పిన. అది దొరసాని కాదు. ఏదో ఒకటి చూపెట్టిన."

ఆమె వేళ్లు కాయ నారను తడుముకుంటూ తీస్తూనే ఉన్నాయి. "ఎర్కనే," అంది.

"ఎర్కనా? ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దు పంజరం ముందటనే. దొరసానికి కుడికాలుకు ఒక గోరు లేకుండె. నీకు ముక్కు ఒక్కటే చూపించిన గని, కాలు సంగతి చెప్పలే. ఆడ ఉన్న మూడింటికీ గోర్లన్నీ ఉన్నయి."

"మరి తెల్సి తెల్సి ఎందుకు తీస్కొచ్చినవ్?"

"నీ మొకం నువ్వు చూసుకోలే గదా బిడ్డా ఆ పొద్దు," అంది. "చేతుల ఏదో ఒకటి పెట్టకుంటే నిన్ను ఆడికెల్లి ఇంటికి తోల్కొచ్చేదెట్ల?" ఒలిచిన గింజలు గిన్నెలోకి వంపింది. "అయినా అది గూడ ఎవ్వల్దో దొరసానే. ఏ గోడ మీద దాని మొగడు ఎదురు చూస్తుండెనో. పోయి కలిసే ఉంటది."

ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం లేదు. ఆమె ఉన్నన్నాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. ఇప్పుడు ఆ గల్లీలోకి వెళ్తే మా ఇల్లు ఎక్కడుండేదో నేనే రెండుసార్లు వెతుక్కోవాలి. దొర ఏమయ్యాడో తెలియదు, ఆ పిల్లలు ఎవరి ఇళ్లలో పెరిగాయో తెలియదు. ఒక్క పొద్దు మళ్లీ ఇస్తామంటే మాత్రం ఏది అడగాలో నాకు తెలుసు. ఆ ఆదివారం. బజారు నుంచి ఇంటికి వస్తున్న దారి. సంచి నా గుండెకు అదుముకుని ఉన్నాను, లోపల ఆ పిట్ట మెదులుతోంది, పక్కన అత్తమ్మ నా అడుగుకు అడుగు కలుపుతూ నెమ్మదిగా నడుస్తోంది. అంతా తెలిసీ ఏమీ అనకుండా నా పక్కన నడిచిన ఆ మనిషి చెయ్యి, నేను ఆ దారంతటా ఒక్కసారి కూడా పట్టుకోలేదు.